ఏ అండ్ పీలో సీ వచ్చిందా? నర్సింగ్ దారిలో తర్వాతి అడుగులు

"అక్కా, గ్రేడ్లు పెట్టారు. సీ." అంతే, తర్వాత కాసేపు మాట ఉండదు. డిసెంబరు మధ్యలో, మే రెండో వారంలో నాకు ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. చేసేవాళ్ళు చాలావరకు మన ఆడపిల్లలే. ఇండియాలో బీకామో బీటెక్కో చదివి, పెళ్ళై అమెరికా వచ్చి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ ప్రీరెక్‌లు (నర్సింగ్‌లో చేరేముందు పాసవ్వాల్సిన కోర్సులు) ఒక్కొక్కటే పూర్తిచేసుకుంటున్నవాళ్ళు. దెబ్బ తగిలేది దాదాపు ఎప్పుడూ ఒకే కోర్సులో: అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగం. అందరూ ఏ అండ్ పీ వన్ అంటారు.

నాకూ అందులో సీయే వచ్చింది. 74.6. మన దగ్గర 74 అంటే ఫస్ట్ క్లాసు. ఇక్కడ అది బీకి ఐదు మార్కుల పైచిలుకు తక్కువ. ఇప్పుడు నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ సీకీ ఈ ఉద్యోగానికీ మధ్య నేను చేసినవి, చేయకుండా ఉండాల్సినవి, తర్వాత ఫోన్ చేసినవాళ్ళతో కూర్చుని చూసినవి కలిపి వరసగా రాస్తున్నాను. డెంటల్ హైజీన్, ఫిజికల్ థెరపీ, ఫిజీషియన్ అసిస్టెంట్ లాంటి వాటికి వెళ్ళేవాళ్ళకీ లెక్కలు కొంచెం మారతాయి కానీ దారి ఇదే.

గ్రేడు చూసిన రాత్రి

రిజిస్ట్రేషన్ పేజీ తెరవకండి. నేను ఆ రాత్రే తెరిచాను. ఎందుకు సీ వచ్చిందో తెలియకుండానే వేసవి ఎనిమిది వారాల సెక్షన్‌లో అదే కోర్సుకి మళ్ళీ పేరు నమోదు చేసుకున్నాను. పదహారు వారాల్లో పట్టుబడని పాఠం ఎనిమిది వారాల్లో ఎలా పట్టుబడుతుందని ఆ రాత్రి తట్టలేదు. రెండు రోజుల తర్వాత తీసేశాను. ఫీజు వెనక్కిచ్చే గడువు దాటకపోవడం నా అదృష్టం.

ఆ రాత్రి చేయాల్సిన పని ఒక్కటే: లెక్క సరిచూడటం. సిలబస్‌లో ఏ పరీక్షకి ఎంత శాతమో రాసి ఉంటుంది. కాన్వాస్‌లో (కాలేజీ మార్కులు పెట్టే వెబ్‌సైటులో) కనిపించే మార్కులతో మీరే ఒకసారి కాగితం మీద వేసుకోండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన క్విజ్‌ను తీసేస్తామని చెప్పి తీయకపోవడం, ల్యాబ్ రిపోర్టు ఒకటి సున్నాగా మిగిలిపోవడం లాంటివి నిజంగానే జరుగుతాయి. తప్పు కనిపిస్తే ప్రొఫెసర్‌కి మర్యాదగా, ఆధారంతో రాయండి. తప్పు లేకపోతే "రెండు మార్కులు కలపండి" అని అడగొద్దు. రేపు రికమండేషన్ లెటర్ అడగాల్సింది ఆయన్నే.

సెమిస్టర్ ఇంకా మధ్యలో ఉండగానే ఇది చదువుతున్నారా? అయితే డబ్ల్యూ (కోర్సు మధ్యలో మానేస్తే గ్రేడుకు బదులు పడే గుర్తు) తీసుకునే ఆఖరి తేదీ ఎప్పుడో ముందు చూడండి. డబ్ల్యూ జీపీఏలో (గ్రేడ్ల సగటులో) పడదు, డీ పడుతుంది. అలాగని డబ్ల్యూ ఊరికే రాదు. టెక్సాస్‌లో 2007 ఫాల్ తర్వాత కాలేజీలో తొలిసారి చేరినవాళ్ళకి ప్రభుత్వ కాలేజీలన్నిటిలో కలిపి మామూలుగా ఆరు డ్రాపులే. ఎఫ్‌1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు అండర్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో 12 క్రెడిట్ల కంటే కిందికి దిగాలంటే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి ఉండాలి, లేకపోతే స్టేటస్ పోతుంది. హెచ్‌4 (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ వీసా) వాళ్ళకి ఈ బాధ లేదు, ఒక్క కోర్సు చదువుకున్నా చెల్లుతుంది.

మార్కులకు పోస్టుమార్టం

అసలు పని ఇక్కడుంది. ఎక్కువమంది దాటేసేదీ దీన్నే. "సరిగ్గా చదవలేదు" అని తమని తాము తిట్టుకుని ఊరుకుంటారు. తిట్టుకుంటే ఏ మార్కు ఎక్కడ పోయిందో తెలియదు.

ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి, పరీక్ష పేపర్లు ఒకసారి చూడాలని ఉందని, గ్రేడు మార్చమని అడగడానికి కాదని, ఎక్కడ తప్పుతున్నానో తెలుసుకోవడానికని రాయండి. ఆ రెండో వాక్యం ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. పేపర్ ఇంటికి ఇవ్వరు, వాళ్ళ గదిలో కూర్చుని చూడాలి. ఒక నోటుబుక్ తీసుకెళ్ళి, ప్రతి తప్పునూ నాలుగు కుప్పల్లో ఒకదాంట్లో వేయండి: అసలు తెలియనిది, చదివాను కానీ గుర్తురానిది, తెలుసు కానీ ప్రశ్న అర్థం కానిది, తెలిసీ స్పెల్లింగులోనో తొందరలోనో పోగొట్టుకున్నది.

నా రెండో పరీక్షలో 50 ప్రశ్నలకు 17 తప్పులు. అసలు తెలియనివి మూడే. గుర్తురానివి నాలుగు. స్పెల్లింగులో రెండు. మిగతా ఎనిమిదీ ప్రశ్న అర్థం కానివే. పుస్తకం నాలుగుసార్లు చదివిన నాకు అది చూసి ఒళ్ళు ఝల్లుమంది. ఐదోసారి చదివినా ఆ ఎనిమిది మార్కులు వచ్చేవి కావు.

అందులో ఒక ప్రశ్న చెబుతాను. నాడీకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు, మైనస్ 55 దగ్గర గడప దాటుతుంది, సోడియం లోపలికి దూసుకొస్తుంది, ప్లస్ 30 దాకా లేస్తుంది, తర్వాత పొటాషియం బయటికి వెళ్తుంది. ఇదంతా నాకు నిద్రలో లేపినా వచ్చు. ప్రశ్న మాత్రం ఇలా ఉంది: దంతవైద్యుడు లిడోకెయిన్ (మొద్దుబార్చే మందు) ఇచ్చాడు, అది సోడియం చానెళ్ళను మూసేస్తుంది, ఆ నాడీకణంలో ఇప్పుడు ఏం జరుగుతుంది? నేను "రీపోలరైజేషన్ ఆగిపోతుంది" అని పెట్టాను, అంటే వోల్టేజి మళ్ళీ కిందికి దిగడం. ఆగేది డీపోలరైజేషన్, అంటే పైకి లేవడం. సోడియం లోపలికే రాకపోతే వోల్టేజి పైకి లేవదు, పైకి లేవనిది కిందికి దిగే ప్రశ్నే లేదు. అంకెలన్నీ కంఠతా ఉన్నాయి, కథ మాత్రం లేదు. చిన్నప్పటి నుంచి నేను సైన్స్ చదివిన పద్ధతే అది: నిర్వచనం, పటం, భాగాలు గుర్తించడం. ఆ పద్ధతి ఒకప్పుడు నాకు మంచి మార్కులే తెచ్చింది, అందుకే అనుమానం రాలేదు.

మీ కుప్పలు నా కుప్పల్లా ఉండవు. లెక్చర్ పరీక్షల్లో 85 వచ్చి ల్యాబ్ ప్రాక్టికల్‌లో 60 దగ్గర ఆగినవాళ్ళున్నారు. వాళ్ళకీ నాకూ మందు ఒకటి కాదు.

నిబంధనలు రాసుకోండి

మీరు దరఖాస్తు చేయబోయే నాలుగైదు ప్రోగ్రాములకు ఒక్కోదానికి ఒక్కో పేజీ పెట్టుకోండి. ప్రోగ్రామ్ సొంత హ్యాండ్‌బుక్ చూడండి, వాట్సాప్ గ్రూపులో విన్నది రాయొద్దు. సీ సరిపోతుందా, సైన్స్ కోర్సులకి బీ అడుగుతున్నారా? సీ మైనస్‌ను చాలాచోట్ల ఒప్పుకోరు. రిపీట్ చేస్తే, అంటే కోర్సు మొత్తం మళ్ళీ చదివి రాస్తే, కొత్త గ్రేడే చూస్తారా, రెండిటినీ కలుపుతారా? ఎన్నిసార్లు రాయనిస్తారు, డబ్ల్యూని కూడా ఒక ప్రయత్నంగా లెక్కిస్తారా? కోర్సు ఎన్నేళ్ళ లోపుది కావాలి? సైన్స్ కోర్సులకు ఐదేళ్ళనో ఏడేళ్ళనో గడువు పెట్టేవి చాలా ఉన్నాయి. ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేస్తే చెల్లుతుందా?

రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో డీ, ఎఫ్ వస్తేనో డబ్ల్యూ తీసుకుంటేనో మళ్ళీ రాయనిస్తారు, అదీ కొన్ని ప్రయత్నాల వరకే. సీ వచ్చినవాళ్ళని మామూలుగా రాయనివ్వరు. సీ అంటే వాళ్ళ దృష్టిలో మీరు పాసయ్యారు. అక్కడ ఉన్నవాళ్ళకి "మళ్ళీ రాయనా వద్దా" అనే ఆలోచనే చాలాసార్లు అనవసరం. టెక్సాస్‌లో రాయొచ్చు, కానీ మూడోసారికి ఎక్కువ ఫీజు వేసే వెసులుబాటు కాలేజీలకుంది. టెక్సాస్ వాళ్ళకి ఒక సౌకర్యం ఏంటంటే కోర్సు నంబర్లు ఉమ్మడిగా ఉంటాయి. బయాలజీ 2401 అంటే ఏ అండ్ పీ వన్, 2402 అంటే టూ. నంబరులో రెండో అంకె క్రెడిట్లు చెబుతుంది, అంటే నాలుగు. మరో కాలేజీలో తీసుకునేటప్పుడు ఈ నంబరు చూసుకుంటే బదిలీ దగ్గర ఇబ్బంది ఉండదు.

పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు దాచి కొత్తదే పంపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దరఖాస్తులో అన్ని కాలేజీలూ, అన్ని ప్రయత్నాలూ చూపించాలి. నర్సింగ్‌క్యాస్ (చాలా నర్సింగ్ ప్రోగ్రాములకు ఉమ్మడిగా దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు) ద్వారా వెళ్ళినా అంతే. దాచినట్టు తేలితే సీ వల్ల పోని సీటు ఆ దాచడం వల్ల పోతుంది.

మళ్ళీ రాయాలా? లెక్క వేసి చూడండి

నా లెక్కే చెబుతాను. ఏ అండ్ పీ వన్ 4 క్రెడిట్లు సీ, ఏ అండ్ పీ టూ 4 క్రెడిట్లు ఏ, మైక్రోబయాలజీ 4 క్రెడిట్లు ఏ, కెమిస్ట్రీ 4 క్రెడిట్లు బీ, స్టాటిస్టిక్స్ 3 క్రెడిట్లు ఏ. ఏ అంటే 4 పాయింట్లు, బీకి 3, సీకి 2. క్రెడిట్లతో గుణిస్తే 8, 16, 16, 12, 12. మొత్తం 64. దాన్ని 19 క్రెడిట్లతో భాగిస్తే 3.37.

మొదటి కోర్సు మళ్ళీ రాసి బీ తెచ్చుకున్నానే అనుకుందాం. పాతది తీసేసి కొత్తదే చూసే ప్రోగ్రాములో 68ని 19తో భాగించాలి, 3.58. బాగా పెరిగింది. ఏ తెచ్చుకుంటే 3.79.

రెండు ప్రయత్నాలనూ కలిపే ప్రోగ్రాములో ఏ వస్తే 80ని 23తో భాగించాలి, 3.48. కొంచెం పెరిగింది. అదే బీ వస్తే? 76ని 23తో భాగిస్తే 3.30. అంటే ఒక సెమిస్టర్ కష్టపడి, ఫీజు కట్టి, బీ తెచ్చుకుని, జీపీఏ తగ్గించుకున్నట్టు. ఉన్న సగటు 3.37 అయినప్పుడు 3 పాయింట్ల గ్రేడు కలిపితే అది కిందికే లాగుతుంది. ఈ సంగతి మాకు ఏ అడ్వైజరూ చెప్పలేదు. కాగితం మీద వేసుకున్నప్పుడే కనిపించింది.

నేను పెట్టాలనుకున్న మూడు ప్రోగ్రాముల్లో రెండు అన్ని ప్రయత్నాలనూ కలిపేవే, మూడూ సీని ఒప్పుకునేవే. అందుకని ఆ సీని అలాగే వదిలేశాను. మీరు మళ్ళీ రాయాల్సిందే అనే సందర్భాలు నాకు తెలిసి మూడు. వచ్చింది సీ మైనస్ లేదా అంతకంటే తక్కువ. మీ ప్రోగ్రామ్ బీ అడుగుతోంది. కొత్త గ్రేడునే చూస్తారు, పైగా పోటీ ఎక్కువ. ఇవేవీ కాకపోతే ఆ నాలుగు నెలలూ తర్వాతి కోర్సులో ఏ తెచ్చుకోవడానికి వాడండి. "సీ ఉంటే బాగుండదు" అన్నది మాత్రం కారణం కాదు. అది సిగ్గు, సిగ్గుపడి ఫీజు కట్టొద్దు.

గ్రీన్‌కార్డు ఉండి ఫెడరల్ ఎయిడ్ (చదువుకి కేంద్ర ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) తీసుకునేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. పాసైన కోర్సును మళ్ళీ తీసుకుంటే ఒక్కసారికే ఎయిడ్ వర్తిస్తుంది.

సెలవుల్లో పూడ్చాల్సిన గుంతలు

మళ్ళీ రాయకపోయినా పాఠం మళ్ళీ చదవాలి, మొత్తం కాదు. ఏ అండ్ పీ టూకి మోసుకెళ్ళేవి మూడే మూడు. కణత్వచం గుండా ఏది ఎలా దాటుతుందో రాకపోతే మూత్రపిండం అర్థం కాదు. యాక్షన్ పొటెన్షియల్, అంటే పైన చెప్పిన వోల్టేజి లేచి దిగే కథ, రాకపోతే గుండె లయ రాదు. కణజాలాలు రాకపోతే ఊపిరితిత్తులు, పేగులు అన్నీ కొత్తగానే కనిపిస్తాయి. 206 ఎముకల్లో సగం మర్చిపోయినా టూలో బండి నడుస్తుంది. పుస్తకం కొనక్కర్లేదు. రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ అనాటమీ పుస్తకం ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం.

చదివే తీరు మార్చడం

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్ళీ చదవమన్నారు, కొందరిని పాఠం మూసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవాళ్ళకు 42. మనం మోసపోయేది ఆ ఐదు నిమిషాల్లోనే. చదవగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది.

నేను చేసింది ఇది. పిల్లలు పడుకున్నాక నలభై నిమిషాలు. ఒక తెల్లకాగితం, పుస్తకం మూసి. ఆ రోజు క్లాసులో చెప్పింది పటంతో సహా గుర్తున్నంత గీస్తాను, ఆగిపోయిన చోట ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ప్రశ్నార్థకాలు మాత్రమే చూస్తాను. మర్నాడు మళ్ళీ తెల్లకాగితం. మూడో రోజు ఒకసారి, వారానికి ఒకసారి. మొదటి వారం కాగితం నిండా ఎరుపే. అది చూసి మానేయకండి, ఆ ఎరుపే మీరు చదవాల్సిన పాఠం.

రెండోది, తెలుగులో చెప్పుకోండి. ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పినంత కాలం నాకు అర్థం కానిది దాక్కునేది. "కండరం ముడుచుకోవాలంటే మయోసిన్ తల యాక్టిన్‌ను పట్టుకుని లాగాలి, వదలాలంటే ఏటీపీ అనే కణశక్తి కావాలి, అందుకే చనిపోయిన మనిషి కండరాలు బిగుసుకుపోతాయి" అని తెలుగులో చెప్పగలిగిన రోజున నాకు ఆ అధ్యాయం వచ్చింది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి తంత్రికాక్షం అంటే ఇప్పటికీ కళ్ళముందు పటం కనిపిస్తుంది. దాని పక్కనే ఆక్సాన్ అని రాసుకోండి. కానీ జవాబు రాసే సాధన మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే చేయాలి.

ల్యాబ్ ప్రాక్టికల్ వేరే జబ్బు. అక్కడ బల్ల మీద నమూనా, దానికో పిన్ను, మీ చేతిలో కొన్ని క్షణాలు, కాగితం మీద స్పెల్లింగ్. ఇంట్లో పుస్తకంలోని రంగుల బొమ్మ చూసి వెళ్తే ల్యాబ్‌లోని నమూనా గుర్తుపట్టలేం. ఓపెన్ ల్యాబ్ సమయాల్లో (క్లాసు లేకుండా సాధనకి ల్యాబ్ తెరిచి ఉంచే గంటల్లో) వెళ్ళి, అనుమతి అడిగి ఆ నమూనాలకే ఫోటోలు తీసుకోండి, అన్ని కోణాల్లో. మైక్రోస్కోపు స్లయిడ్లయితే ఒకే కణజాలానికి నాలుగైదు స్లయిడ్లు చూడాలి. ట్రాన్సిషనల్ ఎపిథీలియమ్‌నీ స్ట్రాటిఫైడ్ స్క్వేమస్‌నీ తారుమారు చేయనివాళ్ళు తక్కువ. పై వరస కణాలు గుమ్మటాల్లా ఉబ్బి ఉంటే ట్రాన్సిషనల్, పలచగా పరిచినట్టుంటే స్క్వేమస్.

ఒక సెమిస్టర్‌లో రెండు ల్యాబ్ సైన్స్‌లు పెట్టుకోవద్దు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలే వద్దు.

టీస్ పరీక్ష, దరఖాస్తు

చాలా ప్రోగ్రాములు జీపీఏతో పాటు టీస్ అనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష స్కోరును కలిపి పాయింట్లు వేస్తాయి. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. సైన్స్ భాగంలో అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీవే. ట్రాన్స్‌క్రిప్టులో సీ ఉన్నా ఆ సబ్జెక్టు ఇప్పుడు వచ్చు అని చూపించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పైన చెప్పిన తెల్లకాగితాలు పారేయకుండా దాచుకుంటే టీస్‌కి అవే నోట్సు.

దరఖాస్తులో వివరణకు చోటుంటే మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఏం మార్చుకున్నాను, తర్వాతి కోర్సుల్లో ఏం వచ్చింది. ప్రొఫెసర్ మీద, పిల్లల జ్వరాల మీద పేరాలు రాయొద్దు. అడగకపోతే రాయనే వద్దు.

ఇంట్లో

గ్రేడు సంగతి దాచినన్నాళ్ళూ నాకు చదువుకునే గంట కూడా దొరకలేదు, ఎందుకంటే అడగలేకపోయాను. చెప్పేటప్పుడు "నాకు సీ వచ్చిందండీ" దగ్గర ఆపకండి. "మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల్ని మీరు చూడాలి, ఓపెన్ ల్యాబ్ అప్పుడే" అని రోజు, గంట చెప్పి అడగండి. "సాయం చేయండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

మా అత్తయ్యగారు ఆరు నెలలు మా దగ్గరున్నప్పుడు ఆవిడే నా పరీక్షాధికారి. ఇంగ్లీషు చదవడం రాదు. నేను ల్యాబ్ ఫోటోలు ప్రింటు తీసి, పేర్లు వెనక వైపు తెలుగులో రాసిచ్చేదాన్ని. ఆవిడ పప్పు పొయ్యి మీద పెట్టి, బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అనేవారు. "జత్రుక, క్లావికల్." వెనక్కి తిప్పి చూసి, "సరే. దీని స్పెల్లింగ్ రాయి" అనేవారు. రాసిన కాగితం మర్నాడు నేనే పుస్తకంతో దిద్దుకునేదాన్ని.

ఇంట్లో అడిగేవాళ్ళు లేకపోతే కాలేజీలో ట్యూటరింగ్ సెంటర్ ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీల్లో సాధారణంగా దానికి వేరే ఫీజు ఉండదు. సెమిస్టర్ మొదటి వారంలోనే వెళ్ళి ఒక రోజు, ఒక గంట మీ పేరున రాయించుకోండి. మొదటి పరీక్ష మార్కులు వచ్చిన మర్నాడు అక్కడ కుర్చీ దొరకదు.